కాల్యరి, వెరోనా, సంప్డోరియా: ఏ స్కుడెట్టో గొప్పది?

ఇటలీ ఫుట్‌బాల్ గురించి ఎప్పుడు మాట్లాడినా నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "2016లో ఇంగ్లండ్‌లో లెస్టర్ గెలిచినట్టు ఇటలీలో ఎప్పుడైనా చిన్న జట్టు లీగ్ గెలిచిందా? గెలిస్తే ఎవరి గెలుపు గొప్పది?" మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. 1970లో కాల్యరి, 1985లో వెరోనా, 1991లో సంప్డోరియా స్కుడెట్టో, అంటే ఇటలీ లీగ్ టైటిల్, గెలిచాయి. ముగ్గురూ ఒక్కొక్కసారే గెలిచారు, మళ్ళీ గెలవలేదు. రెండో ప్రశ్నకు ఇన్నాళ్ళూ "మూడూ గొప్పవే" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈ మధ్య ఆ మూడు సీజన్ల పాత మ్యాచ్‌లు దొరికినన్ని వరసగా కూర్చుని చూశాను. ఇక తప్పించుకోదలచుకోలేదు.

ముందుగా నాపోలి ఎందుకు లేదో చెప్పేస్తాను, లేకపోతే అదే అడుగుతారు. 1987 నాపోలి కథంటే నాకు ప్రాణం. కానీ నేపుల్స్ మహానగరం, వాళ్ళ స్టేడియం మహా పెద్దది, మరడోనాను కొన్నది అప్పటికి ప్రపంచ రికార్డు ధరకు. అది అణగారిన దక్షిణాది గెలుపే గానీ చిన్న క్లబ్బు గెలుపు కాదు. ఫియొరెంటీనా 1956లో, 1969లో గెలిచింది. లాజియో 1974లో, టొరినో 1976లో గెలిచాయి. అవన్నీ మంచి జట్లే. అయితే ఆ గెలుపులు చూసి దేశం నోరు తెరవలేదు.

చిన్న జట్టు గెలవడం ఎంత అరుదో అంకెల్లోనే ఉంది. 2025 నాటికి యువెంటస్‌కు 36, ఇంటర్‌కు 20, మిలాన్‌కు 19 టైటిళ్ళు. 1991 తర్వాత ట్యూరిన్, మిలాన్, రోమ్, నేపుల్స్ నగరాలు దాటి స్కుడెట్టో బయటికే పోలేదు.

కాల్యరితో మొదలుపెడదాం. సార్డీనియా ద్వీపంలోని ఊరది. ఆ రోజుల్లో ఉత్తరాది ఆటగాడికి అక్కడికి బదిలీ అంటే శిక్ష వేసినట్టే ఉండేది. జీజీ రివా కూడా అలాగే వెళ్ళాడు. లొంబార్డీలో సరస్సు పక్కన లెజ్జూనో అనే చిన్న ఊరు అతనిది. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తర్వాత తల్లీ పోయింది. 1963లో కాల్యరికి వచ్చినప్పుడు ఎక్కువ రోజులు ఉండననే అనుకున్నాడు. చివరికి బతుకంతా అక్కడే గడిపాడు. యువెంటస్ డబ్బుతో వచ్చి పిలిచినా కదల్లేదు. 2024 జనవరిలో చనిపోయే వరకు ఆ ఊరివాడిగానే ఉన్నాడు. మిలాన్, ట్యూరిన్ ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళిన సార్డీనియా కూలీలు తమ జట్టు అక్కడికి ఆడటానికి వస్తే స్టేడియంలో గుంపులుగా చేరేవాళ్ళు. వాళ్ళు కేవలం ఆట చూడటానికి రాలేదని ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

కోచ్ మాన్లియో స్కొపీన్యోను అందరూ ఫిలాసఫర్ అనేవాళ్ళు. పాలెర్మోలో ఓడిపోయిన రోజు లైన్స్‌మన్‌ను తిట్టినందుకు ఆయనకు అయిదు నెలల నిషేధం పడింది. అయినా జట్టు చెదరలేదు. 1970 మార్చి 15న ట్యూరిన్‌లో యువెంటస్‌తో మ్యాచ్. కాల్యరి డిఫెండర్ నిక్కొలాయి సొంత గోల్ వేసుకున్నాడు. జట్టు రెండుసార్లు వెనకబడింది, రెండుసార్లూ రివాయే సమం చేశాడు. 2-2. ఏప్రిల్ 12న పాత అమ్సికొరా మైదానంలో బారీని 2-0తో ఓడించి ఛాంపియన్లయ్యారు. ఒక గోల్ రివాది, రెండోది గోరిది. 30 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ 11. మళ్ళీ చెబుతున్నాను, పదకొండే. గోల్‌లో అల్బెర్టోసి, అతని ముందు లిబెరోగా, అంటే డిఫెన్స్ వెనక స్వేచ్ఛగా కాపు కాసేవాడిగా, చేరా అనే ఆటగాడు నిలబడితే బంతి దాటడం గగనమైపోయింది.

సంప్డోరియా దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే మూడింటిలో కళ్ళకు ఇంపైన ఆట వాళ్ళదే. వియాల్లి 19 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. మాంచీనికి 12. వెనక వియెర్కొవోద్, గోల్‌లో పల్యూకా, మధ్యలో ముప్పై అయిదు దాటిన చెరేజో. అప్పటి ప్రత్యర్థులు కూడా సామాన్యులు కారు. వరసగా రెండేళ్ళు యూరోపియన్ కప్పు గెలిచిన మిలాన్, మాథేయస్ ఉన్న ఇంటర్, ఛాంపియన్ హోదాలో దిగిన నాపోలి. ఆ నాపోలిని సంప్డోరియా రెండుసార్లూ 4-1తో ఓడించింది. రెండోసారి, 1991 మార్చి 24న, నాపోలి వేసిన ఒక్క గోల్ మరడోనా పెనాల్టీ. ఇటలీలో అతని చివరి గోల్ అదే. మే 5న మిలాన్‌లోని సాన్ సిరో స్టేడియంలో ఇంటర్ ఎంత ఒత్తిడి పెట్టినా మాథేయస్ పెనాల్టీని పల్యూకా ఆపాడు, దొస్సేనా, వియాల్లి చెరొక గోల్ కొట్టారు. ఆ మ్యాచ్ చూస్తుంటే ఫలితం తెలిసి కూడా నాకు టెన్షన్ తగ్గలేదు. మే 19న లెచ్చేను 3-0తో ఓడించారు. పని పూర్తయింది.

అయినా ఒక మాట అనక తప్పదు. సంప్డోరియా చిన్న క్లబ్బే గానీ పేద క్లబ్బు కాదు. యజమాని పావొలో మాంతోవాని చమురు వ్యాపారంలో సంపాదించినవాడు, ఓపిక ఉన్నవాడు. 1982లో మాంచీనిని, 1984లో వియాల్లిని కుర్రాళ్ళుగా ఉన్నప్పుడే తెచ్చుకున్నాడు. పెద్ద క్లబ్బులు ఎగరేసుకుపోకుండా కొడుకుల్లా చూసుకున్నాడు. 1985, 1988, 1989ల్లో ఇటలీ కప్పు, 1990లో కప్ విన్నర్స్ కప్పు. మెట్టు మెట్టుగా కట్టిన మేడ అది. 1991 నాటికి వాళ్ళు గెలిస్తే సంతోషించినవాళ్ళు చాలామంది, ఆశ్చర్యపోయినవాళ్ళు తక్కువ.

ఇక వెరోనా.

1982లో రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన జట్టు. కోచ్ ఒస్వాల్డో బాన్యోలి మిలాన్‌లో ఫ్యాక్టరీల పేట అయిన బొవీజాలో పెరిగినవాడు, మితభాషి. జట్టు చూడండి. ఫన్నా, గాల్డెరీసి యువెంటస్ వద్దనుకున్నవాళ్ళు. ట్రిచెల్లా ఇంటర్ కుర్రాళ్ళ జట్టులో పెరిగి అక్కడ చోటు దొరకనివాడు. డి జెన్నారో ఫియొరెంటీనా నుంచి వచ్చాడు. గోల్‌కీపర్ గరెల్లా లాజియోలో ఉండగా చేసిన తప్పులకు దేశమంతా నవ్వింది. బంతిని చేతుల కన్నా కాళ్ళతో ఎక్కువగా ఆపేవాడు. 1984 వేసవిలో వీళ్ళకు ఇద్దరు విదేశీయులు తోడయ్యారు. జర్మనీ నుంచి బ్రీగెల్, డెన్మార్క్ ఆటగాడు ఎల్క్యేర్.

సెప్టెంబరు 16, మొదటి మ్యాచ్. బెంతెగోది స్టేడియానికి నాపోలి వచ్చింది. ఇటలీ మొదటి డివిజన్ అయిన సెరీ ఆలో మరడోనాకు మొదటి ఆట. అతణ్ణి కాపు కాసే పని బ్రీగెల్‌కు అప్పగించాడు బాన్యోలి. బ్రీగెల్ ఆ పనీ చేశాడు, మొదటి గోలూ కొట్టాడు. 3-1. ఆ రోజు నుంచి సీజన్ ముగిసేదాకా వెరోనా పైస్థానం విడవలేదు.

నెల తిరగకుండానే, అక్టోబరు 14న, యువెంటస్ వచ్చింది. గాల్డెరీసి తలతో ఒక గోల్ కొట్టాడు. ఆట చివర్లో ఎల్క్యేర్ ఎడమ పక్కన బంతి అందుకుని పరుగెత్తాడు. యువెంటస్ కుర్ర డిఫెండర్ పియోలి జారుతూ వచ్చి అడ్డుపడ్డాడు. ఆ తాకిడికి ఎల్క్యేర్ కుడి కాలి బూటు ఊడిపోయింది. అతను ఆగలేదు, కిందికి కూడా చూడలేదు. లోపలికి తిరిగి, ఇంకొకణ్ణి తప్పించి, బూటు లేని ఆ కాలితోనే, మేజోడు మీదే కొట్టాడు. బంతి వలలో పడింది. ఆ గోల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ నా కళ్ళు ఆ మేజోడు మీదికే పోతాయి. ఆ పియోలియే 2022లో కోచ్‌గా మిలాన్‌కు స్కుడెట్టో తెచ్చిపెట్టాడు.

ఇప్పుడు నా లెక్కకు వస్తాను. గెలుపుకు అప్పట్లో రెండే పాయింట్లు. కాల్యరి 45 పాయింట్లతో, రెండో స్థానంలోని ఇంటర్ కన్నా నాలుగు ఎక్కువతో గెలిచింది. వెరోనా 43తో, టొరినో కన్నా నాలుగే ఎక్కువతో గెలిచింది. ఇద్దరూ ఆడింది 30 మ్యాచ్‌లే. ఇద్దరూ కొట్టిన గోల్స్ 42, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆ 42ను విప్పి చూస్తే నాకు అసలు తేడా కనబడింది. కాల్యరి 42లో రివావి 21. సరిగ్గా సగం. వెరోనా 42లో అందరికన్నా ఎక్కువ కొట్టిన గాల్డెరీసివి 11. తర్వాత బ్రీగెల్ 9, ఎల్క్యేర్ 8, మిగతావి ఒక్కొక్కరు కొన్ని. మూడో జట్టు సంప్డోరియా 34 మ్యాచ్‌ల్లో 57 కొడితే అందులో 31 వియాల్లి, మాంచీనిలవే.

నా మటుకు తేల్చే విషయం ఇదే. చిన్న క్లబ్బుకు అదృష్టం కొద్దీ ఒక మహా ఆటగాడు దొరకవచ్చు. అతను ఊరిని ప్రేమించి ఉండిపోవచ్చు. రివా అలాగే ఉండిపోయాడు, అది అపురూపం. కానీ అలాంటివాడు ఒక్కడూ లేకుండా, పెద్ద క్లబ్బులు అక్కర్లేదన్నవాళ్ళను ఏరి తెచ్చుకుని, పని అందరికీ పంచి లీగ్ గెలవడం అంతకన్నా కష్టం. కాల్యరిలోంచి రివాను తీసేయండి, ఆ డిఫెన్స్‌తో మంచి జట్టే మిగులుతుంది గానీ ఛాంపియన్ మిగలదు. 1970 అక్టోబరులో వియన్నాలో దేశానికి ఆడుతూ రివా కాలు విరిగింది, కాల్యరి మళ్ళీ అంత ఎత్తుకు చేరలేదు. వెరోనాలోంచి ఎవరో ఒకణ్ణి తీసేయమంటే ఎవరిని తీయాలో నాకు తెలియడం లేదు.

దీనికి తోడు ఎదురుగా ఉన్నవాళ్ళను కూడా చూడాలి. 1970లో ఇటలీ కొత్త విదేశీ ఆటగాళ్ళకు తలుపులు మూసి ఉంచింది. మిలాన్‌లో రివేరా, ఇంటర్‌లో మజ్జోలా, ఫకెట్టి ఉన్న మాట నిజమే, కానీ పోటీ చాలా వరకు ఇంటివాళ్ళ మధ్యే. 1984-85లో ప్రపంచమంతా అక్కడే ఉంది. యువెంటస్‌లో ప్లాటిని, బోనియెక్. నాపోలిలో మరడోనా. ఉడినేసేలో జీకో. ఫియొరెంటీనాలో సోక్రటీస్. ఇంటర్‌లో రుమ్మెనిగ్గె. టొరినోలో జూనియర్. ఆ యువెంటస్ అదే మే నెలలో యూరోపియన్ కప్పు గెలిచింది, లీగ్‌లో మాత్రం వెరోనా కన్నా ఏడు పాయింట్లు వెనక. ఇంతమంది మధ్య వెరోనా ఓడింది రెండే మ్యాచ్‌లు.

రిఫరీల మాట కూడా వస్తుంది, రావాలి కూడా. ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీ అన్నది పూర్తిగా చీటీలు తీసి నిర్ణయించింది ఆ ఒక్క సీజన్‌లోనే. తర్వాతి ఏడాదికే ఆ పద్ధతి తీసేశారు. "అందుకే వెరోనా గెలిచింది" అని కొందరు చులకనగా అంటారు. నేను అదే మాటను ఇంకోలా వింటాను. చీటీ ఎవరి పక్షమూ పట్టదు. అలాంటి ఏడాదిలో వెరోనా గెలిచిందంటే అది వెరోనాకు తగ్గించే మాట ఎలా అవుతుంది?

కాల్యరి వైపు నుంచి గట్టి వాదన 11 గోల్సే. వెరోనా 19 ఇచ్చింది. డిఫెన్స్ ఒక్కటే చూస్తే కాల్యరి ముందు ఎవరూ నిలవరు, ఒప్పుకుంటాను. ఒక ద్వీపానికి ఆ గెలుపు ఇచ్చిన గౌరవాన్ని కొలిచే కొలత కూడా నా దగ్గర లేదు. మనసును పిండేసే కథ ఎవరిదని అడిగితే రెండు పేర్లు చెబుతాను. ఒకటి రివా. రెండోది వియాల్లి, మాంచీనిల జంట. 1992 మేలో వెంబ్లీలో బార్సిలోనా చేతిలో యూరోపియన్ కప్పు ఫైనల్ ఓడినవాళ్ళు, 2021 జూలైలో అదే వెంబ్లీలో మాంచీని కోచ్‌గా, వియాల్లి జట్టు బృందానికి నాయకుడిగా ఇటలీకి యూరో గెలిచి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడాదిన్నర తిరిగేసరికి వియాల్లి లేడు. ఆ దృశ్యం ఇప్పటికీ నేను పూర్తిగా చూడలేను. కానీ అడిగింది ఏ లీగ్ గెలుపు గొప్పదని. అందుకే వెరోనా అంటున్నాను.

ఇంకొకటి. 1929లో లీగ్ అంతా ఒకే గుంపుగా మారినప్పటి నుంచి ప్రాంతీయ రాజధాని కాని ఊరు టైటిల్ గెలిచింది ఒక్కసారే, అది వెరోనా. కాల్యరి సార్డీనియాకు రాజధాని, సంప్డోరియా ఊరు జెనోవా లిగూరియాకు రాజధాని. వెరోనా ఉన్న వెనెటోకు రాజధాని వెనిస్.

ఆ జట్టు ఎక్కువ కాలం నిలవలేదు. ఫన్నా, మరంగోన్ ఆ వేసవిలోనే ఇంటర్‌కు వెళ్ళిపోయారు. గరెల్లా నాపోలికి వెళ్ళాడు. మొదటి రోజు మరడోనాకు ఎదురు నిలిచిన ఆ గోల్‌కీపర్ 1987లో అదే మరడోనా జట్టులో రెండో స్కుడెట్టో గెలుచుకున్నాడు. 1990లో వెరోనా మళ్ళీ కింది డివిజన్‌కు జారింది.

వాళ్ళు ఛాంపియన్లయిన రోజు 1985 మే 12, చోటు బెర్గమో. ఒక్క పాయింట్ చాలు. ముందు ఆ ఊరి జట్టు అటలాంటా గోల్ కొట్టింది, తర్వాత ఎల్క్యేర్ సమం చేశాడు, 1-1. ఆ అటలాంటా 2024లో యూరోపా లీగ్ గెలిచింది. బెర్గమో కూడా రాజధాని కాదు. వాళ్ళు ఏదో ఒక ఏడాది స్కుడెట్టో కొడితే ఈ లెక్కంతా విప్పి మళ్ళీ మొదటి నుంచి వేస్తాను.