చక్రానికి డబ్బు ఎక్కడ పెట్టాలి: హబ్బుకా, రిమ్ముకా, స్పోకులకా?

ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి వైపు బయలుదేరినా, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ దారిలో తిరిగినా, టీ కోసం ఆగిన చోట నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. “సైకిల్‌తో వచ్చిన చక్రాలు పాడయ్యాయండి. కొత్తవి కట్టించుకోవాలి. 20 వేలకు మించి పెట్టలేను. హబ్బు మంచిది కొనాలా, రిమ్ము మంచిది కొనాలా?” అడిగినవాళ్ళలో, చక్రం నడుమ తిరిగే హబ్బునూ చుట్టూ ఉండే రిమ్మునూ కలిపే స్పోకుల సంగతి ఆలోచించి వచ్చినవాళ్ళు ఇంతవరకూ నాకు కనబడలేదు. నా జవాబు మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది.

కారణం ఉంది. పోయిన ఏడాది నా సైకిల్‌కు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెనక చక్రంలో ఎనిమిది నెలల్లో మూడు స్పోకులు తెగాయి. మూడోది 300 కిలోమీటర్ల బ్రెవేలో, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూర సవారీలో, శ్రీశైలం రోడ్డు మీద డిండి దాటాక, చీకటి పడ్డాక తెగింది. ఆ చక్రానికి ఉన్నవే 24 స్పోకులు. ఒకటి పోగానే రిమ్ము ఎంత పక్కకు లాగిందంటే, బ్రేకు పూర్తిగా తెరిచినా టైరు ఫ్రేముకు రాసుకుంటూనే ఉంది. 20 గంటల గడువులో పూర్తి చేయలేకపోయాను. ఇంటికి వచ్చి చక్రం విప్పి చూస్తే హబ్బు నునుపుగా తిరుగుతోంది, రిమ్ము మీద సొట్ట లేదు. తెగిన మూడు స్పోకులూ ఎడమ వైపువే. మూడూ హబ్బు దగ్గర, మెడ వంపులోనే తెగాయి.

ఎడమ వైపే ఎందుకో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో సగం తేలిపోతుంది. వెనక హబ్బు కుడి అంచు గేర్లకు చోటిచ్చి లోపలికి జరిగి ఉంటుంది. వెనక 11 పళ్ళచక్రాల గేర్లు (11 స్పీడు) వచ్చాక, అవి ఎక్కే భాగమైన ఫ్రీహబ్ ఇంకో 1.85 మి.మీ. వెడల్పయింది, రిమ్ బ్రేకు రోడ్డు సైకిల్ ఫ్రేములో ఇరుసుకు ఉన్న చోటు మాత్రం అదే 130 మి.మీ. అందుకని రిమ్ము నడిమధ్యన నిలవాలంటే కుడి స్పోకులను 110 కిలోల బలంతో బిగించినా ఎడమ వాటికి దక్కేది దాదాపు సగమే. ఇప్పుడు ఒక చిన్న లెక్క. 290 మి.మీ. పొడవూ 2.0 మి.మీ. మందమూ ఉన్న ఉక్కు స్పోకును 50 కిలోల బలంతో లాగితే అది సాగేది సుమారు 0.23 మి.మీ. గుంతలో పడినప్పుడు నేలకు ఆనిన చోట రిమ్ము అంతకంటే ఎక్కువ లోపలికి నొక్కుకుంటే ఆ స్పోకు పూర్తిగా వదులైపోతుంది. చక్రం ముందుకు దొర్లగానే మళ్ళీ బిగుసుకుంటుంది. కిలోమీటరుకు చక్రం 470 సార్లకు పైగా తిరుగుతుంది. ఈ వదులు, బిగువుల దెబ్బంతా మెడ వంపు మీదే పడుతుంది. పైగా వదులైన ప్రతిసారీ, స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు, అంటే నిపుల్, కొద్దికొద్దిగా మర విప్పుకుంటుంది.

అదే 50 కిలోల బలానికి, నడుము 1.8 మి.మీ. ఉన్న బటెడ్ (చివర్లు లావుగా, నడుము సన్నగా ఉండే) స్పోకు దాదాపు 0.28 దాకా సాగుతుంది. నడుము 1.5 ఉన్నదైతే 0.40 దగ్గరకు వెళుతుంది. అంత సాగి ఉన్న స్పోకు వదులవ్వాలంటే రిమ్ము ఇంకా లోతుకు నొక్కుకోవాలి. ఈలోగా పక్క స్పోకులు బరువు పంచుకుంటాయి. “సన్నది తొందరగా తెగదా?” అని అందరూ అడుగుతారు. స్పోకులు సాధారణంగా తెగేది మెడ దగ్గర గానీ మర దగ్గర గానీ. ఆ రెండు చోట్లా బటెడ్ స్పోకు కూడా 2.0 మి.మీ. మందమే. సన్నబడేది తెగని నడుము మాత్రమే.

మామూలు 2.0 స్పోకును నేను తక్కువ చేసి మాట్లాడను. ధర తక్కువ, కట్టడం తేలిక, బిగించేటప్పుడు మెలి తిరగదు. రిమ్ బ్రేకు సైకిల్ ముందు చక్రంలో రెండు పక్కలా బిగువు సమానం కాబట్టి అక్కడ అది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. సన్న స్పోకుతో చికాకు ఏమిటంటే, నిపుల్ తిప్పితే స్పోకు కూడా దానితో పాటు మెలి పడుతుంది. పావు తిప్పు ఎక్కువ తిప్పి మళ్ళీ వెనక్కి రావాలి. ఆ ఓపిక లేని చేతుల్లో కట్టిన చక్రం మొదటి పది కిలోమీటర్లలో టిక్ టిక్ మంటూ మెలికలు విప్పుకుని బెండు పడుతుంది. అయినా వెనక చక్రం ఎడమ వైపు మాత్రం నా మాట వినండి: బటెడ్ పెట్టండి. నేను కుడి వైపు డీటీ స్విస్ కాంపిటిషన్, అంటే 1.8 నడుమున్నవి, ఎడమ వైపు అదే కంపెనీ రెవల్యూషన్, అంటే 1.5 నడుమున్నవి వేసుకున్నాను. సపిమ్ కంపెనీలో రేస్, లేజర్ అనేవి వీటికి సరిజోడు. ఏవి దొరికితే అవి కొనవచ్చు. నేను కొన్నప్పుడు ఒక వెనక చక్రానికి మామూలు స్పోకులకూ వీటికీ వచ్చిన తేడా, హబ్బును ఒక మెట్టు పైకి మార్చితే అయ్యే తేడాలో చిన్న భాగమే.

వీధి చివర దుకాణంలో దొరికే జింకు పూత స్పోకులు మాత్రం వద్దు. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే తొక్కేవారికి ఇది ఇంకా గట్టిగా చెబుతాను. ఉప్పుగాలికి ఆ పూత ఎంతోకాలం నిలవదు, తుప్పు పట్టిన నిపుల్‌ను కదిలించబోతే అక్కడే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్పోకు, ఇత్తడి నిపుల్. అల్యూమినియం నిపుల్‌తో రెండు చక్రాల్లోని 64కీ కలిపి మిగిలేది 45 గ్రాముల లోపే, దానికోసం ఆలోచించనవసరం లేదు.

ఇక స్పోకుల సంఖ్య. 24కూ 32కూ మధ్య తేడా నిపుళ్ళతో కలిపి 60 గ్రాముల లోపు. తిరిగే బరువు గనుక వేగం పుంజుకునేటప్పుడు మహా అయితే రెట్టింపుగా లెక్కకు వస్తుంది. అలా చూసినా సీసాలో రెండు గుక్కల నీళ్ళు. బదులుగా 32 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే బ్రేకు కొంచెం తెరుచుకుని ఇంటికి చేరవచ్చు. డిండి దగ్గర ఆ రాత్రి నాకు కావలసింది అదొక్కటే. 60 కిలోల లోపు ఉన్నవారు ముందు చక్రానికి 28 తీసుకున్నా పర్వాలేదు. వెనక మాత్రం 32.

హబ్బుల దగ్గర పోటీ నిజంగా గట్టిది. ఒక పక్క షిమానో కంపెనీవి, టియాగ్రా శ్రేణి ఆర్ఎస్400 గానీ దానికి ఒక మెట్టు పైనున్న 105 శ్రేణి ఆర్7000 గానీ. లోపల విడి బాల్సు, అవి దొర్లే కప్పు, కోను. వెనక పక్కకు పావు అంగుళం బాల్సు 9. సన్నని కోను పానాలు రెండు, డబ్బా గ్రీజు ఉంటే ఇంట్లో గంటలో విప్పి కట్టుకోవచ్చు. ఇంకో పక్క తైవాన్ కంపెనీ నోవాటెక్ ఎఫ్482 వంటి సీల్డ్ బేరింగు హబ్బులు. ఇవి తేలిక, సర్దుబాటు గొడవ ఉండదు. మన ఊళ్ళలో వీటికి ఉన్న అసలు బలం వేరే: బేరింగు మీద అంకె రాసి ఉంటుంది. 6902 అని ఉంటే లోపలి వ్యాసం 15, బయటిది 28, మందం 7 మి.మీ. ఆ అంకె పట్టుకుని రాణిగంజ్‌కో విజయవాడ ఆటోనగర్‌కో వెళితే సైకిల్ దుకాణంతో పని లేకుండా కొత్త బేరింగు తెచ్చుకోవచ్చు. షిమానోలో కోను అరిగితే మార్చవచ్చు, కానీ హబ్బులోని కప్పు మీద గుంటలు పడితే హబ్బే పోయినట్టు. వానలో తిప్పి తిప్పి గ్రీజు మార్చకుండా వదిలేసిన షిమానో హబ్బులు అలాగే పోతాయి.

ఇంత చెప్పినా నా ఓటు షిమానోకే. ఫ్రీహబ్ దీనికి కారణం. తేలిక హబ్బుల్లో ఫ్రీహబ్ ఒంటిని అల్యూమినియంతో చేస్తారు. క్యాసెట్‌లోని విడి ఉక్కు పళ్ళచక్రాలు ఎక్కుడుల్లో దాన్ని కొరుకుతాయి. రెండేళ్ళకు క్యాసెట్ ఊడదీయాలంటే సుత్తి పట్టాల్సి వస్తుంది. షిమానో ఈ స్థాయిలో ఉక్కు వాడుతుంది, ఆ బెడద లేదు. ఏడాదికి ఒకసారి, వానలు వెలిశాక, హబ్బు విప్పి గ్రీజు మార్చుకోగలిగితే ఆర్ఎస్400 కొని మిగిలిన డబ్బు స్పోకులకు పెట్టండి. విప్పే అలవాటు లేదు, చేయించుకునే వీలూ లేదంటే నోవాటెక్ మేలు. అదీ క్యాసెట్‌లో పెద్ద పళ్ళచక్రాలు ఒకే చట్రం (స్పైడర్) మీద బిగించి ఉన్నది చూసుకుని.

రిమ్ము అరిగిపోయే వస్తువు. రిమ్ బ్రేకు సైకిల్‌లో బ్రేకు రబ్బరుకు అంటిన ఇసుక ప్రతి వానాకాలం దాన్ని గీరుతూనే ఉంటుంది. అందుకని ఖరీదైనదాని కంటే మళ్ళీ దొరికేది కొనడం నాకు ఇష్టం. డీటీ స్విస్ ఆర్460 తీసుకున్నాను. లోపలి వెడల్పు 18 మి.మీ., బరువు 460 గ్రాములు, 28 మి.మీ. టైరు చక్కగా కూర్చుంటుంది. హెచ్ ప్లస్ సన్ ఆర్కిటైప్ చూడటానికి ఇంకా అందంగా ఉంటుంది, కానీ నలుపు రకంలో బ్రేకు తగిలే చోట రంగు కొద్ది నెలల్లోనే పోతుంది. అది తెలిసి కొంటే ఇబ్బంది లేదు. మావిక్ పాత ఓపెన్ ప్రో ఎవరి దగ్గరైనా వాడనిది దొరికితే 25 టైరుకు ఇప్పటికీ మంచి రిమ్మే. అదే మోడల్ మళ్ళీ కొనుక్కునే వీలుంటే ఒక లాభం ఉంది: అరిగిన రిమ్ము పక్కన కొత్తది ఆనించి టేపు చుట్టి, స్పోకులను ఒక్కొక్కటిగా దీని నుంచి దానిలోకి మార్చేయవచ్చు. హబ్బూ స్పోకులూ అవే ఉంటాయి.

బద్ద (చదునైన) స్పోకులు, కార్బన్ రిమ్ములు, తక్కువ ధరకు వచ్చే రెడీమేడ్ చక్రాలు కూడా అడుగుతుంటారు. మొదటి రెండూ ఈ బడ్జెట్‌లో ఇమడవు. మూడోది కొంటే, స్పోకుల బిగువు కొలిచే మీటరు ఉన్న మెకానిక్ దగ్గరకు మొదటి వారమే తీసుకెళ్ళి సరిచేయించండి.

కొనే వరుస కూడా ముఖ్యమే. హబ్బులూ రిమ్ములూ ముందు చేతికి రావాలి. రిమ్ము లోపలి వ్యాసం కంపెనీ రాసిన అంకెతో సరిపెట్టుకోకుండా కొలిచి, ఆ తరవాతే స్పోకుల పొడవు లెక్కవేయాలి. వెనక కుడికీ ఎడమకీ సాధారణంగా 2 మి.మీ. తేడా వస్తుంది. కట్టేవారిని ఒక్కటి అడగండి: బిగించాక పక్కపక్క స్పోకులను జతలుగా పట్టి గట్టిగా పిసికి, మళ్ళీ బెండు తీస్తారా అని. తీస్తామంటే ఆయన కూలి బేరమాడకండి. మూడు పొడవుల్లోనూ రెండేసి స్పోకులు అదనంగా తెప్పించుకుని ఫ్రేముకు టేపుతో అంటించుకోండి. ఆ పొడవులు దారిలో ఏ ఊళ్ళోనూ దొరకవు.

మీది డిస్క్ బ్రేకు సైకిల్ అయితే రిమ్ము అరుగుదల గురించి చెప్పినది వదిలేయండి. స్పోకుల గురించి చెప్పినది మాత్రం ముందు చక్రానికి కూడా వర్తిస్తుంది. డిస్కు ఉన్న ఎడమ పక్క అంచు అక్కడ లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి, వదులయ్యేవి ఈసారి కుడి వైపు స్పోకులు.