కింబర్లీ ఓడా, లక్షద్వీప్ ఓడా: అమ్మానాయనలకు ఏది మేలు?

మా చెల్లెలు పెర్త్‌లో ఉంటుంది. మా నాయన ఎర్రగుంట్లలో నడిపిన బండల పాలిష్ యూనిట్ అమ్మేసి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఆయనకు పొద్దుపోవడం లేదని, అమ్మనూ నాయననూ ఒకసారి కింబర్లీ తీరం వెంబడి పెద్ద ఓడలో తిప్పాలని పట్టుబట్టింది. ప్రొద్దుటూరులో వాళ్ల పక్కనే ఉండేవాణ్ణి నేను. నాయన మోకాళ్లు, అమ్మ బీపీ మాత్రలు, బస్సెక్కితే ఆమెకు వచ్చే వాంతులు, అన్నీ నాకే తెలుసు. అందులో చిన్న ముక్క ఖర్చుతో కొచ్చి నుంచి లక్షద్వీప్ ఓడ ఉంది, అండమాన్ ఉంది, అంత దూరం ఎందుకని నా వాదన. రెండు నెలలు ఫోన్లలో ఇదే పంచాయితీ. మీ ఇంట్లోనూ ఇలాంటి ఆలోచన ఉంటే పనికొస్తుందని, మాకు తేలినవి తేలినట్టు రాస్తున్నాను.

ముందు కింబర్లీ సంగతి. ఆస్ట్రేలియాకు వాయవ్య మూల. నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన నేల, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంత లేదు, కానీ అక్కడ ఉండే జనం 40 వేల లోపే, అంటే మన జమ్మలమడుగు టౌన్ అంత కూడా లేరు. బ్రూమ్ అనే ముత్యాల ఊరి దగ్గర ఓడ ఎక్కితే పది రోజులకు డార్విన్‌లో దింపుతారు, లేదంటే అటు నుంచి ఇటు. మధ్యలో తీరం మీద హోటళ్లు దాదాపు లేవు, రోడ్డు మీద పోయి చూద్దామంటే చాలా చోట్లకు రోడ్డే లేదు. అందుకే ఓడ. ఇది కాసినో, ఐదు వేల మంది జనం ఉండే క్రూజ్ కాదు. దీన్ని ఎక్స్‌పెడిషన్ క్రూజ్ అంటారు. ఓడ ఎక్కడో లంగరు వేసి ఉంటుంది, పొద్దున, మధ్యాహ్నం జోడియాక్ అనే రబ్బరు పడవల్లో ఎక్కించుకుని వాగుల్లోకి, రాళ్ల సందుల్లోకి తీసుకుపోతారు, ఆ నేల గురించి, పక్షుల గురించి చదువుకున్నవాళ్లు వెంట ఉండి చెప్తారు.

ఖర్చు దగ్గర దాపరికం అక్కర్లేదు. మామూలు క్యాబిన్ కూడా మనిషికి 10 వేల ఆస్ట్రేలియా డాలర్ల పైమాటే, అంటే ఐదున్నర, ఆరు లక్షల రూపాయలు. పేరున్న లగ్జరీ ఓడల్లో దానికి రెట్టింపు దాకా పోతుంది. విమానం, వీసా, ఇన్సూరెన్స్ వేరే. మిచెల్ జలపాతం మీదికి హెలికాప్టర్‌లో తీసుకుపోవడానికి చాలా ఓడలు విడిగా డబ్బు కట్టించుకుంటాయి. ఇద్దరికి లెక్క వేసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, నిజం చెప్తున్నా.

అయితే నా మనసు మార్చింది చెల్లెలు పంపిన ఒక వీడియో. దాన్ని నాయన చేతిలో పెట్టి నేను టీ తాగడానికి పోయాను, తిరిగొచ్చేసరికి ఆయన కళ్లజోడు నొసటి మీదికి తోసుకుని, ఫోన్ ముక్కుకు ఆనించుకుని, ఒకే చోట బొమ్మ ఆపి చూస్తున్నాడు. ఎర్ర కొండ, దాంట్లో పొర మీద పొర, ఒకచోట ఆ పొరలన్నీ విల్లులా వంగి ఉన్నాయి. "రేయ్, ఇది మన గండికోట రాయే కదరా, సముద్రంలోకి ఎట్ల పోయింది?" అన్నాడు. ముప్పై ఏళ్లు బండ పొర చూసి ఎక్కడ ఉలి పెడితే ఎటు విడుస్తుందో చెప్పిన మనిషి. ఆయన అనింది ఊరికే అనింది కాదు కూడా. కింబర్లీ ఇసుకరాయి దాదాపు 180 కోట్ల ఏళ్ల నాటిది. భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్ అని మన పేరుతోనే పిలిచే రాళ్లలో పాతవి 190 కోట్ల ఏళ్ల దాకా పోతాయి. రెండూ దాదాపు ఒకే ఈడువి. గండికోట దగ్గర పెన్న కోసిన లోయ అంచున నిలబడి కింద నీళ్లకు బదులు సముద్రం ఉంటే ఎట్లుంటుందో ఊహించుకోండి, కింగ్ జార్జ్ నది లోయ అలాంటిది. చివర 80 మీటర్ల ఎత్తు నుంచి జంట జలపాతాలు పడతాయి, పడవ వాటి కిందికే పోతుంది.

ఇంకోటి ఆటుపోట్లు. ఆ తీరంలోనే డెర్బీ అనే ఊరి దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య నీటి మట్టం తేడా 11 మీటర్లు దాటుతుంది, మూడంతస్తుల మేడ పైకప్పు దాకా నీళ్లు వచ్చి, ఆరు గంటల్లో పునాది దాకా దిగిపోయినట్టు. లోతు తక్కువైన వెడల్పాటి సముద్రపు నేల, గరాటాల్లా ఇరుకయ్యే అఖాతాలు, ఈ రెండింటి వల్ల నీళ్లు అలా పోగుపడతాయి. టాల్బట్ బే అనే చోట కొండలో రెండు ఇరుకు సందులున్నాయి. అవతలి నీళ్లు ఆ సందుల్లోంచి దిగే వేగం కంటే ఇవతల మట్టం త్వరగా మారిపోతుంది, దాంతో సముద్రమే అడ్డంగా జలపాతంలా దూకుతుంది. ఆ సందుల్లోంచి పడవలు దాటించడం 2028లో ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది, ఆ నేలకు హక్కుదారులైన దంబిమంగారి ప్రజలు కోరింది అదే. నాకు అది న్యాయంగానే అనిపించింది, సందు ముందు నిలబడి చూసినా చాలు. మాంట్‌గోమరీ రీఫ్ దగ్గరైతే మొదట ఉత్త సముద్రమే కనిపిస్తుంది, పోటు తగ్గేకొద్దీ 400 చదరపు కిలోమీటర్ల పగడపు దిబ్బ నీళ్లు కార్చుకుంటూ పైకి తేలుతుంది, తాబేళ్లు ఆ కాలువల్లో కొట్టుకొస్తాయి.

బొమ్మల గురించి చెప్పకపోతే తప్పు. ముద్దనూరు దగ్గర చింతకుంట రాళ్ల మీద పాత ఎర్ర బొమ్మలు చూసినవాళ్లకు ఇది బాగా పడుతుంది. కింబర్లీ గుహల్లో వాంజినా అనే దైవాలున్నారు, తెల్లటి ముఖాలు, పెద్ద కళ్లు, నోరు ఉండదు. అవి వాన తెచ్చేవని అక్కడివాళ్ల నమ్మకం, ఆ రంగులు మాసిపోకుండా తరతరాలుగా వాళ్లే మళ్లీ దిద్దుతూ వచ్చారు. ఒక కంగారూ బొమ్మ 17 వేల ఏళ్ల పైబడిందని 2021లో తేల్చారు, అదీ ఎలాగంటే బొమ్మ కిందా పైనా కందిరీగలు కట్టిన మట్టి గూళ్ల వయసు కట్టి. ఫ్రెష్‌వాటర్ కోవ్ అనే చోట దిగితే, ఆ నేల మనుషులు వచ్చినవాళ్ల బుగ్గ మీద జాజుతో గీత గీసి లోపలికి పిలుస్తారు. గడపకు జాజు పూసే మా అమ్మ ఇది విని మాత్రం, "మంచి పద్ధతి" అంది.

కానీ ఆమె అడిగిన ప్రశ్నే అసలుది. "సముద్రంలో కాలు పెట్టొచ్చా?"

పెట్టకూడదు. ఉప్పునీటి మొసళ్లు వాగుల్లోనూ తీరంలోనూ ఉంటాయి, గైడ్ చూపించిన ఏ కొండ మీది నీటి గుంటలోనో తప్ప ఎక్కడా నీళ్లలో దిగనివ్వరు. "అంత దుడ్డు పోసి, పది దినాలు నీళ్ల మీద ఉండి, నీళ్లలో కాలు పెట్టకుండా వచ్చేదా?" అంది. దీనికి మా చెల్లెలి దగ్గర జవాబు లేదు. మాకు సముద్రం అంటే ఎప్పుడో మైపాడుకో చెన్నైకో పోయి పాదాలు తడుపుకోవడం, అమ్మకు ఆ తడుపుకోవడమే సముద్రం.

ఇక లక్షద్వీప్. 36 దీవులు, మనుషులుండేవి 10. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ కొచ్చి నుంచి సముద్రం అనే పేరుతో ఐదు రోజుల ప్యాకేజీ నడిపింది, ఎంవీ కవరత్తి అనే ఓడలో. ఆ ఓడ మన విశాఖపట్నం షిప్‌యార్డ్‌లో కట్టింది. కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులకు రాత్రి ప్రయాణం, పగలు దీవిలో ఉండటం. లగూన్‌లో, అంటే దీవికీ పగడపు దిబ్బకూ మధ్య నిలిచే మడుగులో, నీళ్లు నడుము లోతు, అద్దంలా ఉంటాయి, పిల్లలూ ముసలివాళ్లూ హాయిగా కూర్చోవచ్చు. మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ ఉంది. కడప నుంచే ఎర్నాకుళం రైలుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు కానీ ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి, ఓడ తేదీలు ముందే చూసుకోవాలి.

సౌకర్యం మాత్రం కింబర్లీతో పోల్చకండి. అది దీవుల జనం కూడా తిరిగే ఓడ. అదీకాక ఓడ లగూన్ లోపలికి పోవడానికి కుదరదు, బయట నిలిపి చిన్న పడవలోకి దింపుతారు, అల ఉన్న రోజు ఆ దిగడం పెద్దవాళ్లకు కష్టం. లగ్జరీ ఓడలో పడవ ఎక్కేటప్పుడు ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుంటారు, ఇక్కడ కూడా పట్టుకుంటారు గానీ వెనక లైన్ తోస్తుంటుంది.

అండమాన్ గురించి ఎక్కువ రాయను. 2019లో మేం పోయొచ్చాం, ఒక ట్రావెల్స్ అతను ఐదు రోజుల్లో నాలుగు దీవులు పెట్టాడు, సగం టైం జెట్టీల దగ్గర లగేజీ మీద కూర్చుని గడిచింది, బారాటాంగ్‌కు తెల్లవారుజామున మూడింటికే లేపినవాడు, అడవి రోడ్డులో బండ్లను గుంపుగా వదిలే కాన్వాయ్ టైముల గురించి ఒక్క ముక్క ముందు చెప్పలేదు. ఆ మడ అడవుల మధ్య పడవ ప్రయాణం మాత్రం బాగుంటుంది. సొంతంగా, నిదానంగా ఒక్క స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) నాలుగు రోజులు ఉండేలా పోతే మంచిదే. ఓడలోనే తిని ఓడలోనే పడుకుని తిరగడం అనే కోరిక అక్కడ తీరదు.

కింబర్లీకే పోదామనుకుంటే ఓడ ఎంచుకోవడంలో జాగ్రత్త. ఓడ ఎంత పెద్దది, గదిలో బాత్ టబ్ ఉందా అని కాదు, రోజుకు ఎన్నిసార్లు కిందికి దింపుతారు, ఎంతమందిని ఒకేసారి దింపుతారు, ఇది అడగండి. 36 మందిని తీసుకుపోయేవి ఉన్నాయి, 120 మందివి ఉన్నాయి, 200 దాటినవీ ఉన్నాయి. జనం ఎక్కువైతే బ్యాచ్‌లు చేస్తారు, మీ వంతు వచ్చేసరికి ఆటు మారిపోవచ్చు. నా మటుకు 120 ప్రాంతం ఓడ సరిపోతుంది, మరీ చిన్నదైతే రేటు ఆకాశంలో ఉంటుంది.

నెల కూడా ముఖ్యమే. తుపాన్ల కాలం అయిపోయాక ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా ఓడలు తిరుగుతాయి. మే, జూన్‌లో జలపాతాల్లో నీళ్లుంటాయి, ఆగస్టు తర్వాత చాలావరకు ఎండిపోతాయి. తిమింగలాలు కావాలంటే జూలై, ఆగస్టు, క్యామ్‌డెన్ సౌండ్ దగ్గరికి అవి ఈనడానికి వస్తాయి. రెండూ నిండుగా కావాలంటే కష్టం. లక్షద్వీప్‌కు అక్టోబర్ నుంచి మే మధ్య దాకా, కాబట్టి రెండు ప్రయాణాల కాలాలు ఒకదానికొకటి అడ్డం రావు. మాకు దారి చూపించింది కూడా ఇదే.

తిండి, వీసా త్వరగా చెప్పేస్తా. శాకాహారం ముందే రాసిస్తే వండిపెడతారు. ఆవకాయ, పప్పుల పొడి మూట కట్టుకుని పోతే విమానాశ్రయంలో అన్నీ చెప్పి చూపించాలి, చెప్పకుండా దాచితే జరిమానా, కాబట్టి అవి ఇంట్లో వదిలేయడమే మేలు. మధ్యలో ఇండోనేషియా రేవు తాకే ఓడ అయితే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉందో లేదో చూసుకోండి. వైద్యం, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు కూడా కవర్ అయ్యే ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం పెద్దవాళ్లను పంపొద్దు. ఓడలో డాక్టర్ ఉన్నా, పెద్దాసుపత్రి చాలా దూరం.

మేం తేల్చుకున్నది ఇది. ఇద్దరినీ ఒకే ఓడ ఎక్కించాలనే పట్టుదల వదిలేశాం. నాయనకు చెల్లెలు తోడుగా జూన్‌లో కింబర్లీ. అమ్మకు నేనూ మా ఆవిడా తోడుగా ఫిబ్రవరిలో లక్షద్వీప్, పర్మిట్, ఓడ తేదీ దొరికితే. రాళ్లంటే ప్రాణం పెట్టే మనిషికి కింబర్లీకి సాటి లేదు, ఆ డబ్బుకు నేనిప్పుడు బాధపడటం లేదు. నీళ్లలో కూర్చోవాలనుకునే మనిషికి అది వద్దే వద్దు, ఎంత డబ్బున్నా.

జోడియాక్ ఎక్కేటప్పుడు చెయ్యి చెయ్యి పట్టుకోకూడదట, వేళ్లు జారిపోతాయి. ముంజేతిని ముంజేయి పట్టుకోవాలి, మణికట్టుకు పైన. చెల్లెలు వీడియో కాల్‌లో చూపించింది. ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంటి అరుగు మెట్ల మీద నాయన ఒక కాలు కింద పెట్టి, అమ్మ ముంజేయి పట్టుకుని, ఊగకుండా దిగడం నేర్చుకుంటున్నాడు. నిన్నటి నుంచి అమ్మ కూడా దిగుతోంది, లక్షద్వీప్‌లోనూ చిన్న పడవలోకి దిగాలి కదా అని.