పాత లేత్‌కి ఏది మేలు: 20డబ్ల్యూ-40 ఇంజనాయిలా, హైడ్రాలిక్ ఆయిల్ 68ఆ?

ఆటోనగర్‌లో కొత్తగా షెడ్డు తెరిచిన కుర్రాళ్లు నా దగ్గరికొస్తే, ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ గురించి అడిగేది ఇదొక్కటే. "బాబాయ్, సెకండ్ హ్యాండ్‌లో లేత్ తీసుకున్నాం, బండికి పోసే 20డబ్ల్యూ-40 పోసేస్తే సరిపోద్దా?" సరిపోద్దిరా అనే చెప్పేవాణ్ణి, మొన్న నా ఆల్‌గేర్ లేత్ హెడ్‌స్టాక్ (తిప్పే గేర్లుండే పెట్టె) మూత విప్పేదాకా.

20డబ్ల్యూ-40 పోసి ఎన్నాళ్లో కాలేదు, నూనె నల్లగా దిగింది. రెండు వేళ్ల మధ్య రాస్తే సన్నగా గరగర. లోపల చెయ్యి పెట్టి చూస్తే అడుగున మడ్డి లేదు. హమ్మయ్య అనుకోబోయి ఆగాను. మడ్డి లేకపోవడమేంటి, అంతా నూనెలోనే తిరుగుతోంది!

ఇంజనాయిల్ చేసే పనే అది. మసినీ రజనునీ కిందికి దిగనివ్వకుండా తనలో తేలించి ఉంచే మందులు అందులో కలుపుతారు. కారులో ఆ మురికిని పట్టడానికి ఫిల్టరుంది. పాత లేత్ హెడ్‌స్టాక్‌లో చాలావాటికి ఫిల్టరే ఉండదు. గేర్ల నుంచి రాలిన ఇనుప రజను తొట్టి అడుగుకి దిగి అక్కడే పడుండాలి. తేలుతూ ఉంటే బేరింగుల్లోకీ బుష్షుల్లోకీ పోయి సాన పట్టినట్టు అరగదీస్తుంది. హైడ్రాలిక్ 68లో అరుగుదలని, తుప్పుని ఆపే మందులుంటాయి. మామూలు రకాల్లో మురికిని తేలించేవి ఉండవు. నీళ్లు చేరినా చాలావరకు విడిపోయి కిందికి దిగుతాయి. నాకైతే ఇదొక్కటి చాలు, మిగతా లెక్కలన్నీ తర్వాతే.

"68 అంటే మరీ చిక్కన కదా, 40 కంటే?" అని ఇంకో అనుమానం. రెండూ వేరువేరు కొలతలు. వీజీ (చిక్కదనం గ్రేడు) 68 అంటే 40 డిగ్రీల వేడి దగ్గర చిక్కదనం దాదాపు 68 సెంటీస్టోక్స్ అని. అదే వేడి దగ్గర 20డబ్ల్యూ-40 వందకి పైనే ఉంటుంది. అంటే పెద్ద నంబరున్నదే ఇక్కడ పల్చన. వేసవి మధ్యాహ్నం మా రేకుల షెడ్డులో గాలే 40 దాటుతుంది కాబట్టి ఆ లెక్క మనకి అతికినట్టు సరిపోతుంది. అరిగిన మిషన్‌కి చిక్కటి నూనె పొయ్యాలని పెద్దమేస్త్రీలు అంటారు. చప్పుడు తగ్గే మాట నిజమే, ప్లే (వదులు) మాత్రం తగ్గదు. పైగా స్పీడు పెంచితే హెడ్ వేడెక్కుతుంది.

అయితే ఇంజనాయిల్‌ని పూర్తిగా తీసిపారెయ్యను. నా దగ్గరే ఒక మూలన బెల్టుతో తిరిగే కోన్‌పుల్లీ లేత్ ఉంది, తిరిగే ఇరుసు స్పిండిల్‌కి గన్‌మెటల్ (కంచు రకం) బుష్షులు. పైనున్న కప్పులో నాలుగు చుక్కలు వేస్తే బుష్ తడిపి పక్కనుంచి కారిపోతుంది. నూనె నిలవనే నిలవదు, కాబట్టి మురికి తేలినా దాంతోపాటే బయటికి పోతుంది. అక్కడ ఏ రకం అన్నదాని కంటే పొద్దున, మధ్యాహ్నం మర్చిపోకుండా వేశావా అన్నదే ముఖ్యం. మీ మిషన్‌లో నూనె తొట్టిలో నిలుస్తుందా, కారిపోతుందా? ముందు అది చూసుకుని అప్పుడు కొట్టుకెళ్లండి.

లేత్ కింది పొడవాటి దిమ్మె బెడ్‌కి స్లైడ్‌వే 68 నూనె వేరే దొరుకుతుంది, సర్వోవే లాంటిది. బెడ్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది, చల్లబరచడానికి పోసే కూలెంటు పడ్డా అంత తేలిగ్గా కొట్టుకుపోదు. టూలుని మోస్తూ బెడ్ మీద జరిగే సాడిల్ ఆగి ఆగి జరుగుతుంటే దానికి పెట్టిన డబ్బు దండగ కాదు. కూలెంట్ లేకుండా పొడిగా తిప్పేవాళ్లకి హెడ్‌కి పోసిన 68నే బెడ్‌కీ రాసుకుంటే చాలు. నేనూ అంతే.

గేరాయిల్ 90 హెడ్‌కి మరీ చిక్కన. కొన్నిటిలో ఉండే గంధకం మందు గన్‌మెటల్‌కి పడదు కూడా. గ్రీజు బెడ్ మీద రాస్తే చిప్స్ అంటుకుని ఉప్పుకాగితమే. బండ్లలోంచి దింపిన పాత నూనె ఊరికే వస్తుందని పోసేవాళ్లున్నారు. మిషన్ సంగతి అటుంచి, మీ చేతి చర్మానికే మంచిది కాదు.

మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. పాతది దించి 68 పోసేస్తే పనైపోలేదు, మూలల్లో ఇరుక్కున్న మురికి అలాగే ఉంటుంది. నేను పీచు రాని గుడ్డతో తొట్టంతా తుడిచి, కొంచెం 68 పోసి, మెల్లటి స్పీడులో పది నిమిషాలు తిప్పి దాన్నీ దించేశాను. కాటన్ వేస్టుతో తుడవకండి, దారాలు నూనె బొక్కల్లో ఇరుక్కుంటాయి. తర్వాత సర్వో సిస్టమ్ 68 (హైడ్రాలిక్ 68లో ఒక బ్రాండు) నూనె మట్టం చూపే గాజుకన్ను సగం దాకా పోసి, పగిలిన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ముక్కొకటి గేర్లకి దూరంగా అడుగున పెట్టాను. వారం తర్వాత తీసి చూస్తే దానికి మెత్తటి నల్ల గడ్డం మొలిచింది.