వెల్డ్ ప్రొఫైల్‌లో పాయింట్ పట్టడానికి ఏది మేలు: పీకా, డెరివేటివా, గీతల కలయికా?

గుణుపురం నుంచి ఒకరు, జయపురం నుంచి ఇద్దరు, మొన్న పార్వతీపురంలో ఫ్యాబ్రికేషన్ షాపు నడిపే మా బావమరిది కూడా అదే అడిగాడు. లేజర్ లైన్ సెన్సర్ కొన్నాం, తెర మీద ప్రొఫైల్ (లేజర్ గీత పడిన చోట ఉపరితలం ఎత్తుపల్లాల రూపు) చక్కగా కనిపిస్తోంది, కానీ ఫీచర్ పాయింట్ (మూల, అంచు లాంటి చోటు) అనే మెనూలో నాలుగైదు పద్ధతులున్నాయి, ఏది పెట్టాలి బావా అని. ఇక్కడ రాయగడలో మా షాపులో ఎక్కువ పని ఫిల్లెట్ వెల్డ్‌లది, అంటే రెండు ప్లేట్లు మూలగా కలిసే చోట వేసే వెల్డ్‌లది, కాబట్టి ఆ పని చూసి చెబుతున్నాను. గాడి లోతు, చిన్న భాగాల అంచులు కొలిచేవాళ్లకి లెక్క కొంచెం మారుతుంది.

పోయిన వానాకాలంలో ఒక కస్టమర్ తరఫు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. డ్రాయింగ్‌లో లెగ్ (ప్లేట్లు కలిసే మూల నుంచి వెల్డ్ అంచు దాకా దూరం) 8 మి.మీ. మేం కొలిస్తే 7.6 వచ్చింది. ఎత్తి మళ్లీ పెడితే 8.1, ఇంకోసారి పెడితే 7.8. జాబ్ (కొలిచే వస్తువు) అదే, సెన్సర్ అదే, కొలిచే మనిషీ అతనే. చేత్తో పెట్టే వెల్డ్ గేజ్ మీద ఉన్న నమ్మకం కూడా ఈ మిషన్ మీద లేకుండా పోయింది ఆ రోజు. ఆ టెన్షన్‌లో రాత్రి కూర్చుని ముడి పాయింట్లన్నీ సీఎస్‌వీ ఫైల్‌గా తీసి చూశాను. సెన్సర్‌లో తప్పేం లేదు, మేం పెట్టుకున్న పద్ధతిలోనే ఉంది.

ముందు పీక్ సంగతి. అన్నిటికంటే ఎత్తులో ఉన్న పాయింటో, అడుగున ఉన్న పాయింటో తీసుకోవడం. ఎత్తు ఎంత అని అడిగితే పీక్ బాగానే చెబుతుంది, ఎక్కడ ఉంది అని అడిగితే మాత్రం నమ్మలేం. బట్ వెల్డ్ (రెండు ప్లేట్లని అంచుకి అంచు కలిపే వెల్డ్) మీది ఉబ్బు, అంటే క్యాప్, 12 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. ఎత్తు అనుకోండి, దాని వంపు రేడియస్ సుమారు 13 మి.మీ. అలాంటి వంపు శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది, 10 మైక్రాన్ల (0.01 మి.మీ.) నాయిస్, అంటే కొలతలో వచ్చే చిన్న ఊగిసలాట, చాలు, శిఖరం అర మిల్లీమీటరు పక్కకు జరుగుతుంది. జాబ్ 3 డిగ్రీలు వంగి కూర్చుంటే ఇంకో 0.7 మి.మీ. జరుగుతుంది. అందుకని పీక్‌ని క్యాప్ ఎత్తు చూడ్డానికి వాడండి, అదీ జాబ్ వంపుని సరిచేశాకే.

డెరివేటివ్ పద్ధతి, అంటే పాయింట్ పాయింట్‌కీ ఎత్తు ఎంత మారుతోందో చూడడం, కాగితం మీద అందంగా ఉంటుంది. వాలు ఎక్కడ మారిందో అక్కడ అంచు, వంపు ఎక్కడ ఎక్కువో అక్కడ మూల. మేం ఆ రోజు వాడింది ఇదే. చిన్న లెక్క వేసి చూడండి. పాయింట్ల మధ్య దూరం 0.05 మి.మీ., ఒక్కో పాయింట్‌లో నాయిస్ 0.01 మి.మీ. పక్కపక్క రెండు పాయింట్లలో ఒకదాని ఎత్తులోంచి ఇంకోదాని ఎత్తు తీసేసి, మధ్య దూరంతో భాగిస్తే వాలులో వచ్చే తప్పు దాదాపు 0.28, అంటే 16 డిగ్రీలు. చదునైన ప్లేట్ మీదే ఇంత! రెండో డెరివేటివ్ (వాలు ఎంత మారుతోందో, అంటే వంపు) దాకా పోతే తప్పు మి.మీ.కి పది చుట్టూ తేలుతుంది, 2 మి.మీ. రేడియస్ ఉన్న నిజమైన టో (వెల్డ్ అంచు ప్లేట్‌లో కలిసే చోటు) వంపు మాత్రం 0.5 మాత్రమే, మనం వెతికేది నాయిస్‌లో మునిగిపోతుంది. అందుకే అందరూ ముందు స్మూతింగ్ చేస్తారు, అంటే పాయింట్లని నునుపు చేస్తారు. 1964 నుంచి ఉన్న సావిట్స్‌కీ-గోలే ఫిల్టర్ దీనికి మంచిదే, నేనూ వాడతాను. కానీ కిటికీ (ఒకసారికి కలిపి తీసుకునే పాయింట్ల గుంపు) చిన్నదైతే నాయిస్ మిగిలిపోతుంది, పెద్దదైతే మూల గుండ్రంగా అయిపోతుంది, మూలకి రెండు వైపులా ఆకారం ఒకేలా లేకపోతే పాయింట్ పక్కకు జారుతుంది కూడా. కిటికీ సైజు ఎంత అన్నదానికి జాబ్ జాబ్‌కీ ఒక జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక గీతల కలయిక. నేను దీని పక్షమే, దాచడం ఎందుకు. రెండు ప్లేట్ల మీదా చదునైన భాగం తీసుకుని, ఒక్కోదానికి ఒక గీత కూర్చి, రెండూ కలిసే చోటుని మూలగా తీసుకోవడం. 10 మి.మీ. చదును దొరికితే 200 పాయింట్లు, వాటి నాయిస్ సగటులో 14 వంతులు తగ్గుతుంది, 10 మైక్రాన్లు కాస్తా ఒక మైక్రాన్ కంటే కిందికి వచ్చేస్తుంది. గీతని మూల దాకా పొడిగిస్తే తప్పు కొంత పెరుగుతుంది, అయినా అది మనకు పట్టే లెక్క కాదు. జాబ్ వంగి కూర్చున్నా గీతలు కూడా దాంతోపాటే వంగుతాయి, లెగ్ మారదు. వీటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకోటుంది. ఫిల్లెట్ లెగ్ కొలవడం మొదలుపెట్టేది రెండు ప్లేట్లు కలిసే మూల నుంచి, ఆ మూల లోహం కింద పూడిపోయి ఉంటుంది. ప్రొఫైల్‌లో ఆ పాయింటే లేదు. లేని పాయింట్‌ని పీకూ పట్టలేదు, డెరివేటివూ పట్టలేదు. గీతలు పొడిగిస్తేనే అది దొరుకుతుంది.

టో దగ్గర మాత్రం దీనికీ కష్టముంది. ప్లేట్ గీత నుంచి ప్రొఫైల్ 0.1 మి.మీ. లేచిన చోటుని టో అనుకోవడం నేను చేసే పని. టో 5 మి.మీ. రేడియస్‌తో మెల్లగా లేస్తే ఆ 0.1 దగ్గరకి వచ్చేసరికి ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్లిపోతాం, లెగ్ తక్కువ చూపిస్తుంది. టో ఆకారం ఒకేలా ఉండే జాబ్‌లలో ఈ తేడా ప్రతిసారీ ఒకేలా వస్తుంది కాబట్టి, రెండు మూడు జాబ్‌లు కోసి పాలిష్ చేసి, యాసిడ్ పెట్టి, అసలు టో ఎక్కడుందో చూసి దిద్దుకోవచ్చు. ఒకసారి 7.6, ఒకసారి 8.1 చెప్పేదాన్ని దేంతో దిద్దుతాం?

అందుకే ఏ పద్ధతి పెట్టినా ముందు చేయాల్సింది ఒకటుంది. 10 జాబ్‌లు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు మూడేసి సార్లు, మొత్తం 90 రీడింగులు తీయండి. ఎత్తి మళ్లీ పెట్టి తీయాలి, పెట్టిన చోటే పెట్టి బటన్ నొక్కితే అన్నీ బాగానే వస్తాయి, అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. గేజ్ ఆర్ అండ్ ఆర్ (కొలిచే పద్ధతి, మనిషి వల్ల వచ్చే తేడా ఎంతో చెప్పే లెక్క) 10 శాతం లోపు ఉంటే నిశ్చింత, 30 దాటితే ఆ సెట్టింగ్‌తో ఏ జాబ్‌నీ పాస్ చేయకండి, ఫెయిల్ కూడా చేయకండి.

గీతలు వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. స్పాటర్ (వెల్డింగ్‌లో చిమ్మే లోహం) ఒక్క చుక్క పడ్డా, అన్ని పాయింట్లనీ లెక్కలోకి తీసుకునే మామూలు లీస్ట్ స్క్వేర్స్ గీతని అటు లాగేస్తుంది. ఫిల్లెట్ లోపలి మూలలో లేజర్ వెలుగు ఒక ప్లేట్ మీద నుంచి ఇంకో ప్లేట్ మీదకి తిరిగి పడి దొంగ పాయింట్లు కూడా వస్తాయి, గ్రైండింగ్ చేసి మెరిసే ప్లేట్ అయితే మరీను. అప్పుడు 1981లో ఫిష్లర్, బోల్స్ చెప్పిన రాన్‌సాక్ పెట్టండి, అది ఎక్కువ పాయింట్లు ఒప్పుకునే గీతనే తీసుకుంటుంది. అయితే అది యాదృచ్ఛికంగా పాయింట్లు ఏరుతుంది కాబట్టి, అదే ఫైల్‌ని రెండుసార్లు నడిపితే మూడో దశాంశంలో తేడా రావచ్చు. సాఫ్ట్‌వేర్‌లో సీడ్ నంబర్ (ప్రతిసారీ అవే పాయింట్లు ఏరేలా చేసే అంకె) పెట్టే వీలుంటే ఒకటి పెట్టి వదిలేయండి. రెండోది, వెల్డింగ్ వేడికి ప్లేట్ వంగుతుంది, కాబట్టి గీత కోసం తీసుకునే చదును మరీ పొడుగ్గా పెట్టకండి. టో నుంచి 2 మి.మీ. వదిలి 8, 10 మి.మీ. తీసుకుంటే మా పనికి సరిపోతోంది.

డగ్లస్-ప్యూకర్ (ప్రొఫైల్‌ని కొన్ని పాయింట్లకే కుదించే పద్ధతి) లాంటివి త్వరగా పని చేస్తాయి కానీ చివరికి చేతికిచ్చేది ఉన్న పాయింట్లలో ఒకదాన్నే, పీక్‌కి ఉన్న కష్టమే దీనికీ ఉంది. నమూనా ప్రొఫైల్‌తో పోల్చి చూడడం, ఒకే జాబ్ వేలల్లో చేసే చోట బాగుంటుంది, మా దగ్గర రోజుకో డ్రాయింగ్. డీప్ లెర్నింగ్ అని అమ్మేవాళ్లు వస్తే అదే 90 రీడింగులు వాళ్ల చేత తీయించండి.

బావమరిదికి మాత్రం వేరే చెప్పాను. అతను చేసేది చిన్న బ్రాకెట్లు, చదును 2 మి.మీ. కూడా ఉండదు, 40 పాయింట్లతో కూర్చిన గీత అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ సావిట్స్‌కీ-గోలేతో డెరివేటివ్ పెట్టుకోమన్నాను, జాబ్ కదలకుండా ఒక ఫిక్స్చర్ చేయించుకున్నాకే.