అమ్మేసిన బండికి ఇంకా బకాయి: క్రెడిట్ రిపోర్టు, డిస్ప్యూట్ సదుపాయంపై సమీక్ష

మన అప్పుల, వాయిదాల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలు ఏటా ఉచితంగా ఇచ్చే పూర్తి రిపోర్టునూ, తప్పులు దిద్దించుకునే డిస్ప్యూట్ సదుపాయాన్నీ కొన్నేళ్లుగా వాడుతున్నాను. రిపోర్టుకి మంచి మార్కులే వేస్తాను. డిస్ప్యూట్‌కి మాత్రం అత్తెసరు మార్కులే.

ఈఎంఐలు ఆగిపోవడంతో ఫైనాన్స్ వాళ్లు నా ట్రాలీ ఆటో సీజ్ చేసి వేలంలో అమ్మారు. ఆ డబ్బు లోన్‌కి జమ చేసుకున్నారు. తక్కువ పడినదానికి సెటిల్‌మెంట్, అంటే కొంత తగ్గించి కట్టేలా ఒప్పందం, మాట్లాడుకుని, కట్టేసి, లెటర్ తీసుకున్నాను. ఆ తర్వాత, ష్యూరిటీ సంతకం పెట్టిన మా బావమరిది ఇంటి లోన్‌కి వెళ్తే బ్యాంకు వాళ్లు ఆపేశారు. "బావా, అమ్మేసిన బండి ఇంకా నా పేరు మీద తిరుగుతోంది" అని ఫోన్ చేశాడు. ష్యూరిటీ ఉన్నవాళ్ల రిపోర్టులోకీ ఆ లోన్ ఎక్కుతుంది మరి.

రిపోర్టు తీసి చూస్తే వేలం డబ్బు ఊసే లేదు. సీజ్ చేసిన నాటి బకాయి అలాగే ఉంది, స్టేటస్ 'సెటిల్డ్'గా మారలేదు. నెలవారీ గడుల్లో డీపీడీ, అంటే గడువు దాటిన రోజుల లెక్క, బండి అమ్మేశాక కూడా పెరుగుతూ పోయింది. యాప్‌లో 300కీ 900కీ మధ్య కనిపించే క్రెడిట్ స్కోరు అంకెతో ఇవేవీ తెలియవు. పూర్తి రిపోర్టే తీయాలి. సిబిల్ ఒక్కటే చూసి ఊరుకోకండి, మిగతా బ్యూరోలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఏడాదికొకటి ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు.

ఇక డిస్ప్యూట్. నేను వాడిన సైటులో "బండి సీజ్ చేసి అమ్మేశారు" అని చెప్పుకునే ఆప్షనే దొరకలేదు. బకాయి తప్పు, స్టేటస్ తప్పు అంటూ ఒక్కో గడినీ విడిగా పట్టుకోవాలి. బ్యూరో తనంతట తాను ఏదీ దిద్దదు. ఫైనాన్స్ కంపెనీని అడుగుతుంది, వాళ్లు "మా లెక్క కరెక్టే" అంటే ఫైలు మూసేస్తుంది. నాకు మొదట జరిగింది అదే. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి నేరుగా రాశాకే కదలిక వచ్చింది. సెటిల్‌మెంట్ లెటర్, వేలం డబ్బు జమైన తేదీ ఉన్న లోన్ స్టేట్‌మెంట్, తప్పు గడికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన రిపోర్టు పేజీ జత చేశాను. ఆ స్టేట్‌మెంట్ ఇవ్వడానికి నానుస్తారు, పట్టుబట్టి తీసుకోండి.

2024 ఏప్రిల్ 26 నుంచి ఇంకో రూలు ఉంది. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. సరిచేసిన వివరాలు పంపడానికి అప్పిచ్చినవాళ్లకి అందులో 21 రోజులే. రెండో లెటర్లో ఈ మాట రాశాక జవాబులు చకచకా వచ్చాయి. అప్పటికీ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు. 2022 సెప్టెంబర్ నుంచి బ్యూరోల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

సీజ్‌కి ముందు కట్టని వాయిదాలు మాత్రం నిజమే కాబట్టి అవి చెరగవు. తగ్గించి కట్టిన లోన్ 'క్లోజ్డ్' అని కూడా రాదు. డబ్బిస్తే అన్నీ తుడిచేస్తామని ఫోన్ చేసే ఏజెంట్లని నమ్మకండి.

నా రిపోర్టులు ఇప్పుడు సరిగానే ఉన్నాయి. బావమరిదికి మాత్రం ఒక బ్యూరోలో పాత బకాయే కనిపిస్తోంది. దానిమీద మళ్లీ డిస్ప్యూట్ వేశాం.