తిట్టు అనుకుని తెప్పించుకున్న నాలుగు సంపుటాలు: మూడు స్టార్లు

బైబిల్లో చేప యోనా ప్రవక్తను మింగడం ఉట్టి ఉపమానమని పిల్లలకు చెప్పొద్దన్నానని, సండే స్కూల్ టీచర్ల మీటింగులో ఒకాయన నన్ను "మీరు బొత్తిగా ఫండమెంటలిస్ట్" అన్నారు. ఒళ్లు మండింది. అసలా మాట ఎక్కడ పుట్టిందో చూద్దామని క్రైస్తవ విశ్వాసపు మూలాల మీద వ్యాసాల సంకలనం ‘ద ఫండమెంటల్స్’ రీప్రింట్ తెప్పించుకున్నా.

అచ్చు బాగోలేదు. పాత ప్రతిని స్కాన్ చేసినట్టుంది, ఒకచోట పేజీ అడుగున రెండు లైన్లు కోసుకుపోయాయి. నేపథ్యం చెప్పే కొత్త ముందుమాట కూడా లేదు, వేరేచోట చదువుకోవాల్సి వచ్చింది. 1910 నుంచి 1915 దాకా అమెరికాలో ఇవి 12 చిన్న పుస్తకాలుగా వచ్చాయట. చమురు వ్యాపారి లైమన్ స్టీవర్ట్, ఆయన సోదరుడు మిల్టన్ ఖర్చు పెట్టుకుని పాస్టర్లకూ మిషనరీలకూ సండే స్కూల్ సూపరింటెండెంట్లకూ ఊరికే పంచారు. (నేనేమో డబ్బిచ్చి కొన్నా!) 1917లో అవే నాలుగు సంపుటాలయ్యాయి.

నిప్పులు కురుస్తాయనుకుని తెరిస్తే జేమ్స్ ఆర్ తగిలాడు. స్కాట్లాండ్ వేదాంతి. సైన్సు మీద రాస్తూ, ఆదికాండంలోని సృష్టి రోజులు 24 గంటలవే కానక్కర్లేదంటాడు, జీవపరిణామాన్నీ పూర్తిగా కొట్టిపారేయడు. అదే సెట్లో పేరు చెప్పుకోని ఓ విశ్వాసి, పరిణామం ప్రకటించే బోధకుల మీద విరుచుకుపడతాడు. ఇద్దరూ ఒకే అట్టల మధ్య ఉన్నారు! రోమన్ కాథలిక్కుల మీద రాసినవి మాత్రం చదవలేకపోయా, సిగ్గేసింది.

ఫండమెంటలిస్ట్ అనే మాటను 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు సంపాదకుడు తన పక్షం వాళ్లకు తనే పెట్టుకున్నాడు, విశ్వాసపు మూలాల కోసం పోరాడేవాళ్లని. 1925లో టెనెసీలో, బడిలో పరిణామం బోధించాడని ఓ టీచర్ మీద పెట్టిన స్కోప్స్ కేసు నడిచాక అది ఎగతాళి మాటగా మారిపోయింది. 1910లో అమెరికాలో ప్రెస్బిటేరియన్లనే ప్రొటెస్టంటు శాఖవాళ్లు తప్పనిసరి అన్న అయిదు అంశాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నా: లేఖనంలో తప్పు లేకపోవడం, కన్యక జననం, మన బదులు క్రీస్తు మరణం, శరీరంతో పునరుత్థానం, అద్భుతాలు. అయిదూ నేను నమ్మేవే. అయితే మీటింగులో ఆయనన్నది నిజమేనన్నమాట!

అచ్చుకి రెండు స్టార్లు కోశా. ఆర్ వ్యాసమున్న సంపుటం, నన్నా మాటన్న టీచరుకే ఇచ్చా. నెల దాటింది, ఇంకా తిరిగివ్వలేదు.