యార్క్ కాసిల్ మ్యూజియం: బొబ్బిలి కథ తెలిసినవాళ్ళు చూడాల్సిన జైలు

విజయనగరం వైపు నుంచి ఇంగ్లండ్‌లోని లీడ్స్, యార్క్‌లలో చదువుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులు యార్క్‌లో ఒక్కదానికే టికెట్ కొనాలనుకుంటే ఈ మ్యూజియానికే కొనండి. వేషాలేసి భయపెట్టే ప్రదర్శన ఊళ్ళో వేరే ఉంది. ఇది మాత్రం మనుషుల్ని పెట్టిన నిజం జైలు. 1705లో పూర్తయిన అప్పులవాళ్ళ జైలు, 1780 నాటి ఆడవాళ్ళ జైలు, రెండూ కలిపి ఇప్పుడు మ్యూజియం.

లోపలికి పోయే ముందు ఎదురుగా దిబ్బ మీదున్న క్లిఫర్డ్స్ టవర్ దగ్గర ఆగండి. 1190 మార్చి 16 రాత్రి ఇక్కడ సుమారు 150 మంది యూదులు చచ్చిపోయారు. చుట్టూ మూక ముట్టడించింది. వాళ్ళ చేతికి చిక్కకూడదని ఇంటి పెద్దలు పెళ్ళాంబిడ్డల్ని తామే చంపుకున్నారు, కోటకి నిప్పంటించారు. ప్రాణానికి భయం లేదన్న మాట నమ్మి బయటికొచ్చినవాళ్ళనీ నరికేశారు. తర్వాత మూక యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి పోయి, యూదుల దగ్గర తీసుకున్న బాకీల పత్రాలు తగలబెట్టింది. ముట్టడి వెనకున్న అసలు సంగతుల్లో అదొకటి. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో జరిగింది విని పెరిగినవాళ్ళకి ఆ దిబ్బ ముందు కాళ్ళు కదలవు. ఇప్పుడు కనిపించే రాతి బురుజు 13వ శతాబ్దానిది, అప్పుడు కాలిపోయింది చెక్కది. టవర్ టికెట్ వేరు, మెట్లు నిటారు. మోకాళ్ళ నొప్పులుంటే కింద స్మారక ఫలకం దగ్గరే ఆగిపోవచ్చు.

మ్యూజియంలో చాలామంది చేసే పొరపాటు కర్క్‌గేట్ అనే పాతకాలపు వీధిలోనే ఓపికంతా అయిపోగొట్టుకోవడం. అది బాగుంటుంది, పిల్లలకి మరీ. కానీ ఖైదు గదులకి గంటైనా మిగుల్చుకోండి. గోడల మీద వీడియో మనుషులు ఖైదీల్లా మాట్లాడతారు. ఆ యార్క్‌షైర్ యాస మనకి సగమే అందుతుంది, పక్కన బోర్డులు చదువుకోండి. వెలుతురు తక్కువ, కళ్ళజోడు మర్చిపోవద్దు.

అందరూ వెతికేది పేరుమోసిన దారిదోపిడీ దొంగ డిక్ టర్పిన్ గది. జాన్ పామర్ అని పేరు మార్చుకుని తిరుగుతూ 1738లో దొరికాడు. జైలు నుంచి బావకి ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో తపాలా ఖర్చు అందుకునేవాళ్ళే కట్టాలి. బావ కట్టనన్నాడు. తపాలా కచేరీలో పడున్న ఆ ఉత్తరం మీది దస్తూరిని, అతనికి రాత నేర్పిన జేమ్స్ స్మిత్ గుర్తుపట్టి యార్క్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. గుర్రాల దొంగతనానికి 1739 ఏప్రిల్ 7న నేవ్స్‌మైర్‌లో ఉరి తీశారు. నల్ల గుర్రం మీద లండన్ నుంచి యార్క్ దాకా ఏకబిగిన వచ్చాడన్నది కల్పన.

టర్పిన్‌ని చూసి వెనక్కి తిరిగిపోతే మాత్రం టికెట్ డబ్బు సగం దండగే. ఈ భవనంలో బాకీ తీర్చలేనివాళ్ళనీ పెట్టేవాళ్ళు. నేరస్తులు కింద, అప్పులవాళ్ళు పైన. అప్పుకి జైల్లో వేయడం 1869 చట్టంతో చాలావరకు ఆగింది. పై అంతస్తుల్లో ఇప్పుడు వేరే వస్తువులు పెట్టినా, కిటికీల్నీ గోడల మందాన్నీ గమనిస్తూ నడవండి.

మొత్తం మూడు గంటలు పడుతుంది. మరమ్మతులకి కొన్ని భాగాలు మూసేస్తుంటారు, వెబ్‌సైట్ చూసుకునే టికెట్ కొనండి. ఆఖర్న, ఫిషర్‌గేట్ దగ్గర సెయింట్ జార్జ్ శ్మశానంలో టర్పిన్ సమాధి రాయి కొద్ది నిమిషాల నడక, ఉచితం. పూడ్చాక శవాన్ని ఎత్తుకుపోతే ఊరి జనం వెతికి తెచ్చి, ఈసారి సున్నం వేసి పూడ్చారు.